మా అత్త చదువుకున్న లైబ్రరీ

నిన్న మా మనవరాలిని బ్యాంకు పరీక్షల క్లాసుకి దింపడానికి మా తిరువూరు లైబ్రరీకి వెళ్లాను. అద్దాల తలుపులు, ఏసీ, గోడ పొడవునా కంప్యూటర్లు. పిల్లలు తలెత్తకుండా చదువుకుంటున్నారు. చక్కగా ఉంది, కాదనను. అయినా లోపల నిలబడలేక బయటికి వచ్చేశాను.

మా మేనత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని అత్తారి ఊరు వినగడప నుంచి మా ఇంటికి వచ్చింది. ఇంటెడు చాకిరీ ముగించి, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లైబ్రరీకి నడిచేది. అప్పుడది పెంకుల కప్పు, ఎత్తైన కిటికీలు, పాత కాగితం వాసన, ఆడవాళ్ల కోసం తడిక చాటున ఒక బల్ల. నవల చదువుతూ అందులోని మొగుణ్ని పైకే తిట్టేది. "నెమ్మదమ్మా, ఇది లైబ్రరీ" అనేవారు లైబ్రేరియన్. "వాడు చేసిన పనికి నెమ్మదిగా ఎట్టా ఉంటానండీ?" అనేది, ఇంట్లో ఏనాడూ గొంతెత్తని మా అత్త.

భవనం బాగుచేస్తారని తెలిసి అందరికన్నా సంతోషించింది ఆమే. వానాకాలం కప్పు కారి పుస్తకాల అట్టలు ఉబ్బుతుంటే ప్రాణం కొట్టుకుపోయేది మరి. నన్ను వెంటబెట్టుకుని కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్లింది. "ఒక్క పుస్తకం కూడా ఎక్కడికీ పోదు పెద్దమ్మా, నాదీ పూచీ" అన్నాడాయన. పుస్తకాలను బస్తాల్లో కుక్కి ఊరి చివర పత్తి గోడౌన్లో పడేశారు. పనులు సాగాయి, వానలొచ్చాయి, పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. పాత కాగితాలవాడు ఆటోలో ఎత్తుకుపోయిన సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ప్రారంభోత్సవం నాడు, అందరికన్నా పాత పాఠకురాలంటూ అత్తను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. పడిపోకుండా పట్టుకుని నేనూ ఎక్కాను. మాట్లాడమని మైకు ఇస్తే చుట్టూ ఒకసారి చూసి, "అంతా బాగుంది నాయనా, పుస్తకాలేవి?" అంది. జనం నవ్వారు. పెద్దాయనా నవ్వేసి, "ఇప్పుడన్నీ కంప్యూటర్లోనే పెద్దమ్మా" అంటూ మైకు తీసేసుకున్నాడు. "నేనడిగింది నిన్ను" అంది అత్త. ఆ మాట పక్కనున్న నాకే వినబడింది.

ఆ తర్వాత ఆమె మధ్యాహ్నాలు ఇంట్లోనే నడుం వాల్చేది. నిద్రపోయేది కాదు, పైకప్పు చూస్తూ ఉండేది. విజయవాడ నుంచి నవలలు తెచ్చిస్తే అలా పక్కన పెట్టి, "ఇంట్లో పుస్తకం తెరిస్తే ఎవరో ఒకరు పిలుస్తార్రా" అంది. మరుసటి వేసవికి ముందే పోయింది.

ఆ భవనాన్ని బాగుచేయడానికి ఏళ్లు పట్టింది. అందులో బతికిన మనిషిని మరిచిపోవడానికి మా ఊరికి ప్రారంభోత్సవం జరిగిన ఆ ఒక్క పూట చాలింది.