కల్లం మీదుగా వచ్చే వైరు

అద్దంకి అవతల ఆ పల్లెలో నీడపట్టున కూర్చుని సంపాదించే కోడలు ఫెబా ఒక్కతే. డిగ్రీ చదివింది, పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుంది, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఇంట్లోంచే బెంగళూరు కంపెనీ కస్టమర్లకు జవాబులు చెబుతుంది. అత్త పున్నమ్మకు అదే పెద్ద పండగ. ఊళ్ళో ఆసామి నాగేంద్రబాబు మిరప కల్లంలో కూలికి, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, "మా ఫెబమ్మ చేతులకి కారం అంటదు" అని అందరితోనూ చెప్పుకునేది. ఆ మాట కొందరికి మింగుడుపడలేదు.

ఈ మధ్య రెండుసార్లు నెట్ పోయింది. "ఇంకోసారి పోతే ఇక లాగిన్ అవ్వక్కర్లేదు" అని కంపెనీవాళ్ళు మొహం మీదే చెప్పేశారు.

ఆ పొద్దున ఎవరో పెద్దాయన ఫోన్లో తన గోడు చెప్పుకుంటుండగానే హెడ్‌సెట్‌లో ఆయన గొంతు ఆగిపోయింది. ఫెబా రౌటర్ ఆపి మళ్ళీ వేసింది. కంప్యూటర్ వెనక వైరు పీకి, దుమ్ము ఊది, మళ్ళీ గుచ్చింది. ఫోన్ నెట్ పెట్టి చూస్తే సిగ్నల్ ఒక్క గీత. కంప్యూటర్‌ని తిట్టింది, ప్రభువుకు మొరపెట్టుకుంది. అప్పుడు కనబడింది రౌటర్ మీద ఎర్ర లైటు. అంటే తప్పు ఇంట్లో లేదు, బయట వైరులో ఉంది.

చెప్పులేసుకుని వైరు వెంట నడిచింది. చర్చి గోడ దాటి, రోడ్డు దాటి, ఊళ్ళో స్తంభం దాకా పోవాల్సిన వైరు నాగేంద్రబాబు కల్లం దగ్గర తెగి నేల మీద పడి ఉంది. పక్కనే కొడవలి పట్టుకుని పున్నమ్మ.

"నువ్వా అత్తా కోసింది?"

"కాయల మీద పట్టా కట్టడానికి అడ్డంగా ఉంది, కోసెయ్ అన్నారు బాబుగారు. ఎవరిదో పాత వైరనుకున్నా. ఏమైందమ్మా?"

ఫెబా నాగేంద్రబాబు వైపు తిరిగింది. "అది మా నెట్ వైరని మీకు తెలుసు గదండీ. మిమ్మల్ని అడిగే గదా వేశాం."

"తెలీకేం?" కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు నాగేంద్రబాబు. "ఉద్యోగం పోతే పోయిందిలే. కూలోళ్ళు దొరక్క చస్తన్నాం. రేపట్నించి మీ అత్తతో పాటు రా."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అదీ ఆయన గారి ధర్మం.

ఫెబాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆయన్ని ఒక్క మాటంటే అత్త కూలి కూడా పోతుంది. అరవగలిగింది అత్త మీదే గనక అత్త మీదే అరిచింది. "బుద్ధుందా నీకు? నా పొట్ట నువ్వే కొట్టావు!"

పున్నమ్మ కళ్ళు తుడుచుకోబోయి, చేతులకు కారం ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది.

వైరు అతికే మనిషి వచ్చేసరికే కంపెనీ లాగిన్ మూసేసింది.

మర్నాడు పున్నమ్మ తలకు గుడ్డ చుట్టుకుని కల్లానికి బయల్దేరింది. కోడల్ని రమ్మనలేదు, కనీసం అటు చూడనైనా లేదు. ఫెబాయే లేచి ఇంకో గుడ్డ వెతుక్కుంది.