చెప్పుల దగ్గర చిన్నవ్వ

దోహాలోని అల్ మన్సూరాలో మా పై అంతస్తు రామచంద్రరావుగారిది. ఆ ఇంట్లో వంట చిన్నవ్వది, ఊరు జగిత్యాల పక్కన. మొగుడు రాజేశం కూడా ఖతార్‌లోనే, కొత్తగా కడుతున్న మెట్రో స్టేషన్లలో బండలు పరిచే పని. ఉండేది బర్వా అల్ బరాహా కూలీల క్యాంపులో. ప్రపంచకప్పు వస్తోందని దోహా అంతా తవ్వి పోసిన రోజులవి. శుక్రవారం తప్ప మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకునేది లేదు. ఆ రోజు కూడా డ్యూటీ వేశారంటే అదీ లేదు.

ఆ ఏడు వేసవిలో మేం ఆరు కుటుంబాలం కలిసి ఇటలీ టూరు పెట్టుకున్నాం. రావుగారి భార్య కమలాదేవిగారికి మోకాళ్ళ నొప్పులు, చిన్నవ్వ భుజం లేనిదే మెట్టెక్కలేరు. అందుకని చిన్నవ్వకీ వీసా తీశారు. ఈ కబురు విని రాజేశం ఎగిరి గంతేశాడట. అతని సైటు ఫోర్‌మ్యాన్‌ది ఇటలీలో ఓ కొండమీది ఊరు. "మా ఊరి చర్చిలో బండలు వేసి ఏడొందల ఏళ్ళయింది, అతుకులో గోరు దూరదు" అని వీళ్ళని రోజూ దెప్పేవాడు. మేం పోయే ఊళ్ళలో ఆ ఊరూ ఉంది.

"గోరు వెట్టి సూడవే. నిజంగ దూరదా, వాడు ఉత్తగ కోతలు కొడుతుండా, నాకు ఎరుక గావాలె" అన్నాడట రాజేశం.

"బండలు సూసుటానికి ఎవలన్న ఇమానం ఎక్కుతరా?"

"నేనైతే ఎక్కుత."

ఆ రోజునుంచీ చిన్నవ్వ కుడిచేతి చూపుడువేలి గోరు తీయడం మానేసింది. "వంటచేసే చేతికి ఆ గోరేమిటే?" అని కమలాదేవిగారు ఒకటే సణుగుడు.

ఫోర్‌మ్యాన్ ఊళ్ళో బస్సు కొండ కిందే ఆగింది. పది మెట్లకోసారి కూలబడుతూ, చిన్నవ్వని పట్టుకుని, కమలాదేవిగారు ఎలాగో పైకి చేరారు. నల్లచారలూ తెల్లచారలూ వేసుకుని ఇంత ఎత్తు చర్చి! గుమ్మం ముందు రావుగారు చెప్పులు విడిచారు. ఆయన్ని చూసి మేమంతా విడిచాం. గైడు పిల్ల "వద్దు, వద్దు" అని చేతులూపింది.

"వాళ్ళ దేవుడైతే మాత్రం చెప్పులతో వెళ్తామా!" అన్నారు కమలాదేవిగారు. వెనక్కి తిరిగి, "చిన్నవ్వా, నువ్వు చెప్పుల దగ్గరుండు. మేం రాగానే వెళ్దువుగాని" అన్నారు.

మన గుళ్ళ దగ్గర ఎవరో ఒకరు కూర్చుంటారు కదా. మాకెవరికీ తప్పనిపించలేదు. నా చెప్పులూ అక్కడే వదిలాను.

మేం లోపలుండగా ఒక తెల్లావిడ వచ్చి రావుగారి చెప్పు చేతిలోకి తీసుకుని, "హౌ మచ్?" అందట. "మాఫీ! మాఫీ! సార్‌వి!" అని లాక్కుందట చిన్నవ్వ. లేదు, లేదు అనడానికి ఇటలీలో అరబ్బీ!

గంట తర్వాత మేం బయటికి వచ్చేసరికి మధ్యాహ్నానికి తలుపులు మూసేస్తున్నారు. చిన్నవ్వ ఒక్క పరుగు తీసింది. కాపలావాడు అడ్డంగా తలూపాడు. అలాగే వంగి, గడపకీ పక్క బండకీ మధ్య గోరు పెట్టింది. అంతలో తలుపు పడింది.

"ఫోటోలున్నాయి, చూపిస్తాలేవే" అన్నారు కమలాదేవిగారు. బస్సులో అన్నీ చూపించారు. అన్నిట్లోనూ మా మొహాలే. కింద బండ ఒక్కటీ లేదు.

తిరిగొచ్చాక శుక్రవారం రాజేశం వచ్చాడు. కూర్చోకుండానే, "దూరిందా?" అన్నాడట.

దూరలేదని ఒక్కమాట అంటే మురిసిపోయేవాడే. కానీ చిన్నవ్వ, "గడపకాడ దూరలే. లోపటికి వోనియ్యలేదయ్యా" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆ వేలు పట్టుకుని గోరు చూశాడట. "పోనీ తియ్. నేను గూడ గట్లనే ఏస్తున్న. టేషన్ తెరువనియ్యి, నిన్ను దీస్కవోయి సూపెడ్త."

స్టేషన్ తెరిచేలోపే రాజేశం పని అయిపోయింది. కంపెనీ అతన్ని ఊరికి పంపేసింది.

పై ఏడు మెట్రో మొదలైనప్పుడు రాజేశం బండలు వేసిన స్టేషన్‌కి చిన్నవ్వని నేనే తీసుకెళ్ళాను. మెట్లు దిగి ఆ నేల అంచున ఆగిపోయింది. చెప్పులు విడిచి ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూస్తోంది.

"ఇటివ్వు, నేను పట్టుకుంటాను" అన్నాను.

"అయ్యో, మీరెందుకమ్మా!"

"ఇవ్వవే."

ఇచ్చింది. జనం పక్కనించి పోతుంటే నేలమీద గొంతుక్కూర్చుని అతుకు వెంబడి గోరు నడిపింది, ఒక బండ, ఇంకో బండ. తర్వాత స్పీకర్ పెట్టి రాజేశానికి ఫోన్ చేసింది.

"దూరిందా?" ఎత్తగానే అదే మాట.

"దూరలే."

"లోపటిదాక పోయి సూసినవా?"

"గిప్పుడు నడుస్తున్న. ఇను" అని ఫోన్ కాళ్ళ దగ్గరికి వంచి నాలుగడుగులు వేసింది.

"సప్పుడు ఇనవడ్తలేదు గదనే."

"చెప్పులిడిసిన."

రైలొచ్చింది, వెళ్ళింది. చెవి దగ్గర ఫోన్ అలాగే పెట్టుకుని చిన్నవ్వ ఆ చివరిదాకా నడిచింది. ఆమె చెప్పులు పట్టుకుని నేను నిలబడ్డాను.