నలభై ఏడో నెంబరు తలుపు

తడి సున్నం వాసన తగిలితే ఇప్పటికీ ముందు మా ఇంటి తలుపు చూసుకుంటాను.

రాయపూర్ దగ్గర మాది చిన్న ఊరు. రైస్ మిల్లులున్నాయన్న గొప్పకు కొన్నాళ్లు మునిసిపాలిటీ అయింది. తర్వాత ఆ ముచ్చటా రద్దయింది. ఒక ఉదయం ఆఫీసు మనిషి బకెట్టుతో వచ్చి, తలుపుల మీది ఎర్ర నెంబర్లన్నిటికీ సున్నం పూశాడు.

"ఎందుకు భయ్యా?" అన్నాను.

"నగర్‌పాలికా ఖతమ్, బిటియా!" అంటూ మా నలభై ఏడునూ చెరిపేశాడు.

నాన్న పనిచేసే మిల్లులో, తడిసిన ధాన్యం బస్తా నెంబరు మీద సున్నం పూసి, తెచ్చిన లారీలోనే వెనక్కి పంపేవారు. అంటే మమ్మల్నీ అమ్మానాన్నా వచ్చిన శ్రీకాకుళం పంపేస్తారు! నేనా, ఆ ఊరు చూసి ఎరగను. లారీ హారన్ వినిపించినప్పుడల్లా మంచం కిందికి దూరాను. చివరికి అమ్మ కుంకుమ తడిపి, సున్నం మీద మళ్లీ నెంబరు రాశాను. బడి చదువు నాకు పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

"ఓలమ్మ, తలుపుకి కుంకం పూసిందెవులే?" అమ్మ అరిచింది.

"మనల్ని లారీ ఎక్కించేత్తారమ్మా!"

"నిన్నెక్కిత్తే ఆ లారీవోడే తిరిగొచ్చి దించేసి పోతాడు!" అని పడీపడీ నవ్వింది.

మిల్లు నుంచి వచ్చిన నాన్న నవ్వలేదు. ఈ ఊళ్లో మేమున్నామనడానికి రుజువల్లా రేషన్ కార్డూ, దాని మీది ఆ ఇంటి నెంబరూ అని నాకప్పుడు తెలియదు. ఆయన కార్డు తెచ్చి సరిచూసి, నేను తిరగేసి రాసిన ఏడుని తన వేలితో దిద్దాడు.