సగమే వెళ్లిన మెయిళ్లు

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఎక్కడో ఉన్న సర్వరుతో ఒక్క లైనులో కనెక్షన్ కలిపేసి టీకి లేచి వెళ్లిపోతుంటే, అందులో సాకెట్ ఎక్కడుందమ్మా అని ఊరికే అడిగాను. సాకెట్ అంటే ఏమిటి సార్ అంది, పాపం నిజంగానే తెలియక. నవ్వొచ్చింది గానీ, ఆ మాట వింటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు చెవులు వేడెక్కుతాయి.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి తెరిచే దారినే మేం సాకెట్ అనేవాళ్లం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పాతబస్తీలో శాలిబండలో అద్దెకున్న రోజుల్లో, మెయిళ్లు పంపే ఓ ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఊరూపేరూ తెలియని పదిమంది కలిసి రాసే ఉమ్మడి కోడ్, దాని పిచ్చి పట్టుకుంది నాకు. ఆ పిచ్చి అంటించింది యాకుత్‌పురాలో ఉండే మా సీనియర్ అన్న. అందులో సాకెట్ పనులు ఎక్కడ పడితే అక్కడ ఉండేవి, విండోస్‌కి ఒక తీరు, లినక్స్‌కి ఇంకో తీరు. తెరవడం, పంపడం, అందుకోవడం, మూయడం అన్నీ ఒకే ఫైల్లోకి చేర్చి, లోపల ఏం జరుగుతుందో మిగతా లైబ్రరీకి తెలియనక్కర్లేకుండా చేశాను. కుర్రాడు నమ్మకస్తుడని, ఆ లైబ్రరీ రాసేవాళ్లంతా ఉత్తరాలు నడుపుకునే మెయిలింగ్ లిస్టులో అందరికీ అన్న మాటిచ్చాడు, ఆ మాట మీదే వాళ్లు నా కోడ్ తీసుకున్నారు. మా అమ్మ సున్నుండలు చేసి గల్లీ అంతా పంచింది, కోడ్ అంటే ఏమిటో ఆవిడకు తెలిస్తేగా.

ఫోను లైను కింది వాటాలోని ఇంటివాళ్లది. నెట్ కలిపితే వాళ్లకొచ్చే ఫోన్లు ఆగిపోతాయని మొహమాటపడి, పరీక్షలన్నీ నా కంప్యూటర్ తనకు తానే మెయిల్ పంపుకునేలా కానిచ్చాను. అక్కడ ఎంత పెద్దదైనా ఒక్క ఊపులో వెళ్లిపోయేది. అసలు లైను మీదైతే సిస్టమ్ మనమిచ్చినదాంట్లో కొంతే తీసుకుని, ఇంతే తీసుకున్నానని చెబుతుంది, మిగిలింది మళ్లీ పంపుకోవాలి. నేనేమో ఆ కబురు లోపలే మింగేసి, పైకి 'అయింది' అని మాత్రం చెప్పేలా రాశాను. ఎవరెవరి మెయిళ్లో సగంలో తెగిపోయాయి, లిస్టులో ఫిర్యాదు వచ్చింది.

ఆ ఫిర్యాదు చూసిన అన్న, లిస్టులో ఒక్క ముక్క రాయకుండా స్కూటరేసుకుని మా ఇంటికొచ్చాడు. అమ్మ సంబరంగా పెట్టిన సున్నుండ తిని, మస్తున్నయమ్మా అన్నాడు. తర్వాత నన్ను ఇరానీ హోటలుకు తీసుకెళ్లి, చాయ్ వచ్చాక మెల్లగా చెప్పాడు.

"సగమే పోయినా అయిందంటున్నది తమ్మీ నీ కోడు. మిగిలింది ఎవరు పంపాలె? సరే, నీ గురించి చెప్పింది నేనే గద, జవాబు గూడ నేనే ఇస్త. ఫికర్ చెయ్యకు."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. వద్దన్నా అని పట్టుబట్టి, నెట్ సెంటర్లో ఆయన పక్కనే కూర్చుని, తప్పు నాదేనని రాసి దిద్దిన కోడ్ పంపాను. అయినా ఆయన మాట విలువ పోనే పోయింది. ఆ తర్వాత ఆయన ఎవరి గురించి చెప్పినా, లిస్టులోవాళ్లు ముందు పరీక్షలు చూపించమనేవారు. ఇంటికెళ్తే అమ్మ, డబ్బాలో మిగిలినవి ఇంకెవరికిద్దామని అడిగింది.

ఇప్పుడు అలాంటి తప్పుల్ని చాలావరకు మెషీనే పట్టేస్తుంది. మిగిలినవాటికి పెద్దవాడెవడో అందరూ చూసేచోట ఇది తప్పని ఒక్క ముక్క రాసి పడేస్తాడు. మా ఆఫీసులో ఆ పెద్దవాణ్ణి నేనే. అన్న పనిగట్టుకుని స్కూటర్ మీద వచ్చాడు. నేను రెండు బల్లల అవతల కూర్చున్న మనిషి దగ్గరికి కూడా ఏనాడూ లేచి వెళ్లలేదు.