చప్పుడు లేని బండి

బాన్సువాడ బస్టాండు ముందు ఆటో నడిపే కాసింకు మొండివాడని పేరు. ఆ మొండితనం వెనక ఎంత ప్రేముందో అతని భార్య జైనాబ్‌కే తెలుసు.

ఊళ్లకు మనుషుల్ని చేరవేసే అతని డీజిల్ ఆటో పొద్దున స్టార్టయితే చాలు, వాకిలి నిండా పొగే. జైనాబ్‌కు ముందే ఊపిరితిత్తులు పాడయ్యాయి. దవాఖానలో డాక్టరు "ఈమె ఉన్నచోట పొగ ఉండొద్దు" అన్నాడు. అంతే! పాత ఆటో అమ్మేసి బ్యాటరీ ఆటో తెచ్చాడు.

"ఏంది కాసిం భాయ్, పిచ్చి లేసిందా?" తోటి డ్రైవరు ఆశన్న పకపకా నవ్వాడు. "గీ బొమ్మబండి డోంగ్లి దాంక పోతదా? సగం తొవ్వల నూకుడే ఇగ!"

"నూకుత తియ్యన్నా. మా ఇంటామె ఊపిరి తీసుకుంటే సాలు."

పొగలేని బండని ఊళ్లల్లో ముసలివాళ్లు దానికోసమే ఆగేవారు. జైనాబ్ దగ్గూ కాస్త తగ్గింది. కానీ ఏం లాభం, లోపలి జబ్బు అప్పటికే ముదిరిపోయింది. పైగా ఆమెకు కొత్త బాధ మొదలైంది. ఇన్నాళ్లూ సాయంత్రం మలుపులో పాత బండి చప్పుడు వినగానే తల సవరించుకుని, దిండుకు ఆనుకుని కూర్చునేది. ఇప్పుడు మొగుడు ఎప్పుడొస్తున్నాడో తెలియదు.

"దొంగల్లెక్క చప్పుడు జెయ్యకుంట వస్తరేంది జీ! జర తల దువ్వుకోనియ్యరా?" అని నవ్వుతూనే దెప్పేది. అప్పట్నుంచి కాసిం మలుపులో హారన్ కొట్టి మరీ వచ్చేవాడు.

ఒకరోజు సాయంత్రం ఎండ ఉండగానే ఇల్లు చేరాడు. రెండు రాత్రులుగా జైనాబ్‌కు కంటిమీద కునుకు లేదు. పాపం, ఇప్పుడైనా పడుకుందేమో, లేపడమెందుకని హారన్ కొట్టలేదు. బండి వాకిట్లో పెట్టి, చార్జింగు తగిలించి, నిదానంగా సీట్లు తుడుస్తున్నాడు. అంతలో లోపలి గదిలోంచి కూతురు రుబీనా కెవ్వున అరిచింది.

కాసిం పరుగెత్తేసరికి జైనాబ్ తల పక్కకు వాలిపోయి ఉంది. పిలిచాడు, కుదిపాడు. పలకలేదు.

రుబీనా తండ్రిని కరుచుకుని ఏడ్చింది. "అమ్మీ నిన్నే అడిగింది అబ్బా. 'బండి వచ్చిందా, చూడు బేటీ' అని ఒక్కతీరుగ అడిగింది. నాకు హారన్ ఇనపడలే. ఇంక రాలేదమ్మీ అన్న. తలుపు దిక్కే చూసుకుంట పోయింది. నువ్వు అప్పటికే వచ్చి ఉన్నవా అబ్బా?"

కాసిం కిందికి చూసుకున్నాడు. సీట్లు తుడిచిన గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని వీపు వెనక దాచుకుని, రెండో చేత్తో బిడ్డ తల నిమిరాడు.

"లేదు బేటీ. ఇప్పుడే వచ్చిన."