శ్లీపదం

శ్రీరామమూర్తి గారు అంబాజీపేట దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏ మాట దొరికినా దాని పుట్టుక చెప్పందే ఊరుకునేవారు కాదు. ఆయన భార్య బుల్లెమ్మ గారికి కుడికాలు వాచి, కుచ్చిళ్ళు ఎంత దించి కట్టినా దాగేది కాదు. వీధిలో ఎవరో బోదకాలు అనడం విన్నాక ఆవిడ పేరంటాలకి వెళ్ళడం మానేశారు.

ఆవిణ్ణి ఓదార్చడానికే ఒకరోజు మాస్టారు అన్నారు. "వైద్యంలో దీన్ని శ్లీపదం అంటారు. శిలలా గట్టిపడిన పాదం కనుక ఆ పేరొచ్చింది."

"అంటే రాయైపోయినట్టేనాండీ?"

"అంతే మరి. రాయి కరుగుతుందా? ఊరికే ఆస్పత్రుల చుట్టూ తిరిగి నలుగురి నోళ్ళలో పడటమెందుకు?"

కాకినాడ నుంచి కూతురు అలేఖ్య ఫోన్ చేసినప్పుడల్లా డాక్టరుకి చూపించమనేది. చూపిస్తాంలే అనేవారు మాస్టారు.

ఆరోగ్య కేంద్రం నర్సు సూర్యకళ ఇంటికొచ్చి టబ్బు, సబ్బు ఇచ్చింది. "వాపు పూర్తిగా పోకపోవచ్చమ్మా. కానీ రోజూ కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుంటే మాటిమాటికీ వచ్చే ఈ జ్వరాలు రావండి" అంది. బుల్లెమ్మ గారు తలూపారు. ఆమె వెళ్ళాక, రాయిని కడిగితే ఏమొస్తుందనుకుని టబ్బు అటకెక్కించేశారు.

ఆ వానాకాలం పెరడంతా నీళ్ళు నిలిచాయి. వేళ్ళ మధ్య ఒరిసి పుండైంది. వణుకుతో జ్వరం పట్టుకుంది. ఎరుపు తొడదాకా పాకింది.

"ఏవండీ, రాయైతే ఇంత మంటెందుకండీ?" అని ఆవిడ అడిగారు. మాస్టారు లేచి అంబులెన్సుకి ఫోన్ చేశారు.

రాజమండ్రి ఆస్పత్రిలో కట్టు మారుస్తూ, కాలు కాస్త ఎత్తి పట్టుకోమని అక్కడి నర్సు మాస్టారికి చెప్పింది. చేతులకి మెత్తగా, కాలిపోతూ తగిలింది. జబ్బు మొదలయ్యాక ఆయన ఆ కాలు ముట్టుకోవడం అదే మొదటిసారి. విషం రక్తంలోకెక్కిందని డాక్టరు చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం బుల్లెమ్మ గారు పోయారు.

కర్మలయ్యాక అలేఖ్య తండ్రి ఎదురుగా కూర్చుంది.

"అమ్మని ఒక్కసారైనా చూపించారా నాన్నగారూ?"

"లేదమ్మా."

"ఎందుకని?"

ఆ పిల్ల సాయంత్రం బస్సుకే కాకినాడ వెళ్ళిపోయింది. ఇప్పుడు తండ్రి ఎలా ఉన్నారో పక్కింటి అప్పాజీకి ఫోన్ చేసి కనుక్కుంటుంది. ఆయనకి మాత్రం చెయ్యదు.