కాపలా వరుసలో గిరి

నంద్యాలలో కన్నవాళ్లు పెట్టిన పేరు దస్తగిరి. ఆక్లాండ్‌లో దిగాక అందులో ముందు సగం పోయి గిరి మిగిలాడు. ఎవరో కత్తిరించింది కాదు, తానే కత్తిరించుకున్నాడు. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో మౌంట్ రాస్కిల్‌లో అద్దెగది వెతుక్కుంటుంటే ఒక తెలుగు ఇంట్లో ముస్లిం పేరు విని మొహం మార్చి, గది ఖాళీ లేదన్నారు. తర్వాతి ఇంటి తలుపు తట్టి గిరి అని చెప్పాడు. అది హనుమకొండ శకుంతలా ఆంటీ ఇల్లు. ఆమె మారు ప్రశ్న వేయకుండా తన ఇంటికి ఆనుకుని ఉన్న గది ఇచ్చింది.

అబద్ధం ఆడాక దాన్ని సాకాలి గదా! చదువైపోయింది, మనురేవాలో సూపర్‌మార్కెట్ ఉద్యోగం వచ్చింది, రెసిడెన్సీ కూడా వచ్చింది. గిరి మాత్రం గిరిగానే ఉండిపోయాడు. హలాల్ కొట్లోనే చికెన్ కొని, అక్కడైతే ఫ్రెష్‌గా ఉంటుందనేవాడు. పండగ నమాజుకు పోతూ ఓవర్‌టైం అనేవాడు. ఆంటీ తల ఊపేది. ఎంత తెలివిగా నెట్టుకొస్తున్నానో అని లోలోపల మురిసిపోయేవాడు కూడా, పిచ్చి మనిషి.

2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో నమాజుకు వచ్చినవాళ్లను ఒకడు కాల్చి చంపాడు. ఆ వారమంతా గిరికి ముద్ద దిగలేదు. ఏడిస్తే గోడ అవతలికి వినబడుతుందని ఏడుపు కూడా మింగేశాడు. తర్వాతి శుక్రవారం ఆంటీ తలమీద చున్నీ కప్పుకుని వచ్చింది. వీధిలోవాళ్లు దగ్గర్లోని మసీదుకు వెళ్తున్నారట, నమాజు అయ్యేదాకా బయట చేతులు పట్టుకుని కాపలాగా నిలబడతారట. కారు డ్రైవ్ చేయడానికి అతన్ని రమ్మంది.

గేటు దగ్గర ఒక గుజరాతీ పెద్దాయన అందరినీ పలకరిస్తున్నాడు. వాళ్ల తాత ఓడెక్కి ఈ దేశానికి వచ్చాడట. మసీదే లేని ఆ రోజుల్లో కూరగాయల కొట్టు వెనక గదిలో దుప్పటి పరుచుకుని నమాజు చేసేవాడట, ఎవరడిగినా దాచేవాడు కాదట. గిరికి తలెత్తి ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

అందరూ చేతులు పట్టుకుని వరుసగా నిలబడ్డాక అజాన్ మొదలైంది. గిరి కాళ్లు గుమ్మం వైపు లాగాయి. పక్కనున్న ఆంటీ అతని చెయ్యి వదిలేసింది. అతను తడుముకుని ఆ చేతిని మళ్లీ పట్టుకున్నాడు. లోపల తనవాళ్లంతా భుజం భుజం కలిపి నిలబడుతుంటే, తాను వాళ్లకు వీపు తిప్పి బయట నిలబడ్డాడు.

నమాజు అయ్యాక పెద్దాయన వరుసలో ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. గిరి రెండు చేతులూ పట్టుకుని, మీ మతం కాకపోయినా మాకోసం వచ్చారు, మీ మేలు మరచిపోమని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గిరి సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా కాదనలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఇంక తట్టుకోలేక కారు పక్కకు తీసి ఆపాడు.

"ఆంటీ, నేను లోపల ఉండాల్సినోణ్ణి."

ఆమె తలమీది చున్నీ తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఎరుకే బిడ్డా. రంజాన్ల తెల్లారకముందే లేచి వండుకుంటవు, గోడ అవతల నాకు ఇనపడదా? ఇన్నేండ్లు నువ్వే చెప్తవని చూసిన. ఇయ్యాల లోపలికి పోతవనే నిన్ను తోలుకొచ్చిన."